మట్లరేవు మరుగుదొడ్డి వ్యతిరేక సంఘం

మట్లరేవు చేపల మార్కెట్లో ఆడవాళ్లు పగలు నీళ్లు తాగరు. అదేదో నోము అనుకునేరు, కాదు. తెల్లవారుతూనే తట్ట దించి కూర్చున్నవాళ్లు పొద్దుగూకితే గాని లేవరు. లేచినా వెళ్లడానికి చోటు లేదు. మార్కెట్ కట్టినప్పుడు మగవాళ్ల కోసం ఓ గోడ మీద 'ఇక్కడ మూత్రవిసర్జన నిషేధము' అని పెద్దక్షరాలతో రాయించారు. దాంతో ఆ చోటు ఎక్కడో అందరికీ తెలిసింది. ఆడవాళ్లకు ఆ మాత్రం నిషేధం కూడా లేదు.

అంచేత వాళ్లు గొంతు ఎండితే తమలపాకు నమిలేవారు. మరీ ఎండితే కొనేవాళ్లతో పోట్లాడేవారు. చీకటి పడ్డాక సరుగుడుతోట వైపు వెళ్లేవారు. ఇలా ఏళ్ల తరబడి సాగిపోతుంటే, ఒకనాడు మిట్టమధ్యాహ్నం వంజరం ముక్కలు కోస్తున్న పేరంటాలు కత్తిపీట మీంచి పక్కకు ఒరిగిపోయింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఆస్పత్రికి మోసుకెళితే మూత్రపిండంలో రాయి ఉందన్నారు.

"రోజుకి కుండెడు నీళ్లు తాగాలమ్మా. లేకపోతే ఇంకో రాయి పడుతుంది" అన్నాడు డాక్టరు.

"తాగడానికేం బాబూ, కడివెడు తాగుతాను. తాగాక ఎక్కడికెల్లాలో కూడా రాసియ్యండి" అంది పేరంటాలు.

దానికి డాక్టరు దగ్గర మందు లేదు. పక్కనే నిలబడ్డ పాలెపు వరహాలమ్మకు మాత్రం ఒళ్లు మండింది. వరహాలమ్మ ఒళ్లు మండితే రేవంతా తెలుస్తుంది. ఆవిడ చేప ధర చెబితే, బేరమాడదామని వచ్చినవాళ్లు తామే ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని డబ్బులిచ్చి వెళ్లేవారు. పేరంటాలు ఆవిడకు వరసకు పిన్ని. చిన్నప్పుడు తల్లి పోతే ఎత్తుకు పెంచింది ఆ పిన్నే. "నిన్ను ఇంకోసారి ఈ మంచం మీద సూడను పిన్నీ" అని, చేపల వాసన కొంగు బిగించి, ఓ ఇరవైమందిని వెంటేసుకుని నేరుగా మునిసిపాలిటీకి వెళ్లింది.

కమిషనర్ చాలా మర్యాదస్తుడు. కిటికీలు తెరిపించి, అందరినీ నిలబడమన్నాడు.

"చూడమ్మా, ఒక మనిషి అడిగితే దాన్ని అర్జీ అంటారు. అర్జీని మేం ఆ పెట్టెలో వేస్తాం. పదిమంది అడిగితే గుంపు అంటారు. గుంపుకు పోలీసులను పిలుస్తాం. నమోదైన సంఘం అడిగితే దాన్ని డిమాండు అంటారు. డిమాండుకు మాత్రం జవాబివ్వక తప్పదు. కాబట్టి మీరు ముందు సంఘం కండి."

"మేం ఇరవైమందిమి ఉన్నాం కదండీ, సంఘం కాదేంటి?"

"చెప్పాను కదమ్మా, మీరు ప్రస్తుతం గుంపు" అని ఆయన ఫోను వైపు చూశాడు.

సంఘాల నమోదు కార్యాలయంలో కోదండపాణిగారని ఓ అధికారి ఉండేవాడు. నియమావళి పుస్తకాన్ని కళ్లకద్దుకుని గాని తెరిచేవాడు కాడు. ఆయన నమోదు చేసిన సంఘాలకన్నా తిరగ్గొట్టినవే ఎక్కువని, ఆ తిరగ్గొట్టించుకున్న వాళ్లంతా కలిసి ఓ సంఘం పెట్టబోతే దాన్నీ తిరగ్గొట్టాడని చెప్పుకునేవారు. అలాగని లంచగొండి కాడు పాపం. అయితే బాగుండేదని అనేవాళ్లూ ఉన్నారు.

"సభ్యులెందరు?" అన్నాడు.

"ఇరవైమందిమండి."

"నిబంధన ప్రకారం ఏడుగురు చాలు. మిగతావారు ప్రజలు. ప్రజలను బయట కూర్చోమనండి" అని పదముగ్గురిని వరండాలోకి పంపించేశాడు. "సంఘం పేరు?"

"మట్లరేవు చేపల మార్కెట్ ఆడోళ్ల మరుగుదొడ్డి సాధన సంఘం."

"కార్యాలయం?"

"నా తట్ట ఎక్కడుంటే అక్కడేనండి."

"బోర్డు తగిలించుటకు గోడ ఉన్నదా?"

"గోడుంటే ఇక్కడికెందుకొత్తాం బాబూ, దాని సాటునే పని కానిచ్చుకుందుం."

కోదండపాణిగారు నవ్వలేదు. "గోడ: తట్ట అంచు" అని రాసుకున్నాడు. అధ్యక్షురాలు మరణించినచో ఏం చేయుదురు అని అడిగాడు. ఏడుత్తామండి అంది వరహాలమ్మ. అది కూడా రాసుకున్నాడు. ఇంతవరకూ పని నల్లేరు మీద బండిలా సాగింది. అప్పుడాయన పుస్తకాన్ని మళ్లీ కళ్లకద్దుకుని ఇంకో పుట తిప్పాడు.

"ఇక పధ్నాలుగో నిబంధన. మీ కోరికను వ్యతిరేకించు వారెవరు?"

వరహాలమ్మ మిగతా ఆరుగురి వైపు చూసింది. వాళ్లు ఆవిడ వైపు చూశారు.

"ఎవరూ లేరండి. ఆడోళ్లకి మరుగుదొడ్డి వద్దని ఎవరంటారండి?"

"ఎవరూ అనరా?" కోదండపాణిగారు నిజంగానే బాధపడ్డాడు. "అయితే కష్టమమ్మా. ఇది రాజకీయ అభ్యర్థన సంఘాల విభాగం. ఏ సంఘమైనను ప్రభుత్వమును ఏదైనను కోరునెడల, సదరు కోరికను నిరాకరించు మరియొక సంఘము అదే పరిధియందు ఉండవలెను. అప్పుడే అది రాజకీయం. అందరూ ఔనన్నది రాజకీయం కాదు, భజన. భజన సంఘాల నమోదు పక్కగది."

"పక్కగదిలో అడిగితే మరుగుదొడ్డి ఇత్తారాండి?"

"ఇవ్వరు. హార్మోనియానికి గ్రాంటు ఇస్తారు."

వరహాలమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "అంటే బాబూ, మా పాటకి ఎదురుపాట కావాలంటారు. అంతేనా?"

ఆయనకు అర్థం కాలేదు గాని, అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నిబంధన లేదు. "తత్సమానము" అన్నాడు.

ఎదురుపాట అంటే ఏమిటో రేవులో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మనకు చెప్పాలి. బోటు ఒడ్డుకొచ్చి చేప కుప్ప పోశాక వేలంపాట మొదలవుతుంది. ఒక్కడే పాడితే అది పాట కాదని, అలా ఇచ్చిన చేప అచ్చిరాదని తాతల నాటి కట్టుబాటు. కాని వర్షం రోజునో, చేప తక్కువైన రోజునో వ్యాపారి ఒక్కడే వస్తాడు. అప్పుడు ఎవరో ఒకరు ఎదురు నిలబడి, ఓ పిసరు పెంచి పాడి, మర్యాదగా తప్పుకోవాలి. తప్పుకున్నందుకు కూరకు నాలుగు చేపలిస్తారు. ఈ ఉద్యోగంలో వరహాలమ్మ మొగుడు నూకరాజును మించినవాడు ఆ తీరంలో లేడు. ఎదురు నిలబడ్డా ఎవరికీ కోపం రాని మొహం అతనిది.

ఆ కట్టుబాటుకే ఇంకో కొస ఉంది. పాట పొరపాటున ఎదురుపాటగాడి మీద నిలబడిపోతే, చేప వాడే మోసుకుపోవాలి. నూకరాజుకు ఆ గతి ఒకేసారి పట్టింది. వ్యాపారి ఫోనొచ్చి పక్కకు వెళ్లిన అదనులో వేలం పాడించేవాడు 'మూడోసారి' అనేశాడు. కుప్పెడు టేకుచేపలు నూకరాజు ఇంటికి నడిచొచ్చాయి. వాటి వాసన పోయేదాకా చుట్టాలు గుమ్మం తొక్కలేదు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ వరహాలమ్మ అంది. "మావా, ఓ ఎదురుపాట పాడాలి."

"ఏ సేపకే?"

"సేప కాదు. మరుగుదొడ్డికి."

నూకరాజు ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆవిడ మాటకు ఎదురు చెప్పి ఎరగడు. ఇప్పుడు ప్రభుత్వ కాగితాల మీద ఎదురు చెప్పమంటోంది.

"నా వల్ల కాదే వరాలూ. నీకెదురెల్తే నాకే బయ్యం."

"నేనే ఎల్లమంటన్నాను కదా. వద్దని ఓ మాటనేసి తప్పుకో. రోజూ సేసే పనేగా."

మర్నాడు ఐసు ఫ్యాక్టరీ వాళ్లు, వల అల్లేవాళ్లు కలిసి ఏడుగురు మగవాళ్లు తలస్నానాలు చేసి కోదండపాణిగారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు. వరహాలమ్మ తలుపు దగ్గర నుంచి చూస్తోంది.

"మీ సంఘం లక్ష్యం?"

"వద్దండి" అన్నాడు నూకరాజు.

"ఏమి వద్దు?"

నూకరాజు తలుపు వైపు చూశాడు. వరహాలమ్మ కళ్లెర్రజేసింది. "మరుగుదొడ్డండి."

"ఎందుకు వద్దు?"

ఇది ముందు అనుకోలేదు. నూకరాజు గోళ్లు చూసుకున్నాడు, సీలింగు ఫ్యాను చూశాడు, చివరికి తెగించి, "ఊరికేనండి" అన్నాడు.

కోదండపాణిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బల్ల మీదుగా వంగి నూకరాజు చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఊరికే! ఎంత స్వచ్ఛమైన వైఖరి! కారణం చెప్పినవాణ్ణి వాదించి ఓడించవచ్చు. ఊరికే అన్నవాణ్ణి ఎవరు ఓడించగలరయ్యా? నా సర్వీసులో ఇంత సుస్పష్టమైన లక్ష్య ప్రకటన చూడలేదు. మీకు స్థలం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, నీటి కనెక్షన్ అక్కర్లేదు. మీరు కోరుతున్నది ఈ ఊళ్లో ప్రభుత్వం ఇప్పటికే నిరాటంకంగా అమలు చేస్తున్నది."

ఆ మధ్యాహ్నానికే 'మట్లరేవు మరుగుదొడ్డి వ్యతిరేక సంఘం' నమోదైపోయింది. కోదండపాణిగారు స్వయంగా మిఠాయి తెప్పించి పంచాడు.

"మరి మాదండి?" అంది వరహాలమ్మ.

"తమది కూడా అయిపోయినట్లే. అభ్యంతరం లేదని వ్యతిరేక సంఘం నుంచి ఒక పత్రం రావాలి, అంతే."

నూకరాజు మొహం వెలిగిపోయింది. "ఇప్పుడే రాసిచ్చేత్తానండి. నాకేం అబ్యంతరం లేదు."

"తొందరపడకు నాయనా!" కోదండపాణిగారు గాభరాగా కలం లాగేసుకున్నాడు. "అభ్యంతరం లేకపోతే మీ సంఘం చెల్లదు. మీ సంఘం చెల్లకపోతే ఆమె సంఘానికి వ్యతిరేకత లేదు. వ్యతిరేకత లేకపోతే ఆమె సంఘం నమోదు కాదు."

"పోనీ అబ్యంతరం ఉందంటానండి."

"అభ్యంతరం ఉండగా ఎలా నమోదు చేస్తామయ్యా?"

"అయితే నేను తప్పుకుంటానండి. పాడేశాను కదా, అయిపోయింది" అన్నాడు నూకరాజు, రేవులో అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేసి.

"నమోదైన వ్యతిరేకత తప్పుకోరాదు. అసలు దరఖాస్తు పరిష్కారమయ్యేవరకు నిలబడి ఉండవలెను. పదిహేనో నిబంధన." పుస్తకం మూసి కళ్లకద్దుకున్నాడు.

రేవులో అన్న మాటకు అక్కడే చెల్లు. ఆఫీసులో అన్న మాట అంటు కట్టిన మామిడికొమ్మలా పట్టేసుకుంటుందని మొగుడూ పెళ్లాలిద్దరికీ తెలియలేదు.

అక్కడి నుంచి నూకరాజు దశ తిరిగింది. మట్లరేవులో నమోదైన రాజకీయ సంఘం అదొక్కటే మరి. జెండా పండుగకు కుర్చీ వేశారు. పట్టణాభివృద్ధి సమావేశానికి పిలిచి, ప్రజల తరఫున మీ అభిప్రాయం చెప్పండన్నారు. ఇతను లేచి "వద్దండి" అని కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టి, శాలువా కప్పారు. ఎలాగూ చేసే ఉద్దేశం లేని పనులను ఇంత మర్యాదగా వద్దన్న నాయకుణ్ణి అధికారులు ఇదివరకు చూడలేదు. మంచినీటి సమావేశానికీ పిలిచారు, రోడ్ల సమావేశానికీ పిలిచారు. అక్కడా వద్దన్నాడు. అక్కడా శాలువాయే.

మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత శాలువాలు మడత పెట్టడం నేర్చుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు 'ప్రెసిడెంటుగారూ' అంటే చెవులకు హాయిగానే ఉండేది. నవ్వుకోకండి, మన మెళ్లో పడితే మనమూ మడత పెట్టుకుంటాం. ఓ రోజు ఇంట్లో కూర్చుని, "అసలు ఆలోసిత్తే వరాలూ, మన పెద్దోళ్లు ఇయ్యన్నీ లేకుండానే బతికారు కదా" అని కూడా అన్నాడు.

ఆ మాట అన్నరోజే పేరంటాలు మళ్లీ కడుపు పట్టుకుని ఒరిగిపోయింది. ఈసారి రాయి పెద్దది. కడుపు కోసి తీశారు.

ఆస్పత్రి నుంచి వచ్చిన వరహాలమ్మ గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా దండెం మీది శాలువాలు లాగి మొగుడి ఒళ్లో పడేసింది.

"నీ ఈపు మీద శాలువా కప్పారు. మా పిన్ని పొట్ట మీద కుట్లేశారు. రెండూ ఆ ఒక్క మాటకే మావా."

"నువ్వే కదే పాడమన్నావు..." అన్నాడు నూకరాజు సన్నగా.

"పాడమన్నాను. తియ్యగా పాడమన్నానా?"

ఆ తర్వాత ఆవిడ అతనితో మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండును, తిట్టలేదు. కూరలో తోకముక్కలు మాత్రం వేసి కంచం ముందుకు తోసేది. నూకరాజు కుమిలిపోయాడు. పేరంటాలు చేతి గోరుముద్దలు పెళ్లయిన కొత్తలో తనూ తిన్నవాడే. ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. ముసలిది కళ్లు తెరిచి, "ప్రెసిడెంటుగారా, కూకోండి" అంది. వెటకారం కాదు, నిజంగానే గౌరవించింది. అది ఇంకా బాధయింది.

అటు నుంచి అటే కోదండపాణిగారి దగ్గరికి పరుగెత్తి, తనను తీసెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన సంతోషించి, "అధికార వ్యామోహం లేని నాయకుడు!" అని ఇంకో శాలువా తెప్పించబోయాడు. నూకరాజు అందకుండా పారిపోయాడు.

ఏడాది తిరిగింది. వార్షిక తనిఖీకని కోదండపాణిగారు పుస్తకం చంకన పెట్టుకుని స్వయంగా మార్కెట్‌కు వచ్చాడు. చేపల నీళ్లు అంటకుండా పంచె పైకి పట్టుకుని, వ్యతిరేక సంఘం ఏడుగురినీ వరసలో నిలబెట్టాడు.

"మంచిది. ఇక మీరు వ్యతిరేకిస్తున్న మరుగుదొడ్డిని చూపించండి."

"లేదండి" అన్నాడు నూకరాజు.

"లేదా?"

"మేం వద్దన్నాం కదండీ. అంచేత లేదండి."

"అంతకు ముందు?"

"అంతకు ముందూ లేదండి."

కోదండపాణిగారు జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "ఎంత మోసం! సంవత్సర కాలంగా లేని వస్తువును వ్యతిరేకిస్తూ ప్రభుత్వ శాలువాలు స్వీకరిస్తున్నారా? వద్దనుటకు ఒక వస్తువు ఉండవలెనయ్యా. లేని వస్తువును వద్దనుకొనుట వ్యతిరేకత కాదు, వైరాగ్యం. వైరాగ్యం ఆశ్రమాల విభాగం కిందికి వస్తుంది. పదహారో నిబంధన ప్రకారం నెలరోజుల్లోగా సదరు వస్తువును ప్రత్యక్షముగా చూపి, దాని ఎదుట వ్యతిరేకత కనపరచవలెను. లేనిచో తప్పుడు ప్రకటన నేరం కింద ఏడుగురి మీదా కేసు!"

అందరూ చేతులు జోడించారు. "మేం ఊరికేనండి..." అనబోయాడొకడు. ఈసారి ఆ మాట పని చెయ్యలేదు.

నూకరాజు వెళ్లి, మాట్లాడని పెళ్లాం తట్ట ముందు చతికిలబడ్డాడు. సంగతంతా చెప్పాడు. వరహాలమ్మ మొదట విననట్టు సావళ్ల చేపల మీద ఈగలు తోలుతూ కూర్చుంది. వింటూ వింటూ విసనకర్ర ఆపింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఏడాది నుంచి దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారి వచ్చేసింది. పక్క తట్టలవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

"నవ్వుతావేంటే, జైల్లో ఏత్తారట!"

"పాట నీ మీద నిలబడిపోయింది మావా. కట్టుబాటు తెలుసుగా. సేప నువ్వే మోసుకురావాలి."

మెల్లిగా నూకరాజు మొహంలోకి కూడా వెలుగు వచ్చింది.

ఆ సాయంత్రమే వ్యతిరేక సంఘం అత్యవసర సమావేశం జరిగింది. తీర్మానం వరహాలమ్మ చెబుతుంటే ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా సంఘం కాగితం మీద రాశాడు. తాము వ్యతిరేకించుట కొరకు ఒక మహిళా మరుగుదొడ్డిని ప్రభుత్వం తక్షణమే సమకూర్చాలని, అది రేకుల షెడ్డయితే దాన్ని వ్యతిరేకించడం తమ హోదాకు తగదని, కాబట్టి సిమెంటు కప్పు, పంపుల్లో నీళ్లు, లోపలి గడియ, లైటు ఉండాలని రాయించింది.

"గదులెన్నమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఒక్కదాన్ని వ్యతిరేకిత్తే ఏం గౌరవం? ఆరు రాయి."

పేరంటాలు మంచం మీంచి కబురంపింది, కూర్చుని లేవడానికి పట్టుకునే కడ్డీ ఒకటి పెట్టించండి అని. అదీ రాశారు.

కమిషనర్ ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. నమోదైన సంఘం డిమాండు, జవాబివ్వక తప్పదు. పైగా ఇది కోరినవాళ్ల కోరిక కాదు, వద్దన్నవాళ్ల కోరిక. దీన్ని కాదంటే ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షం గొంతు నొక్కారన్న మాట వస్తుంది. ఇన్నేళ్లూ మార్కెట్ దగ్గర గజం జాగా లేదన్న ఇంజనీరు ఐసు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలం చూపించాడు. నీటి గొట్టం వెళ్లదన్నచోట గొట్టం ముందే ఉందని తేలింది. మురుగుకాలవ దాని పక్కనే ఉంది. 'ప్రజాస్వామిక నిరసన సదుపాయాలు' అనే పద్దు కింద మంజూరు చేసి, నెల తిరక్కుండా కట్టేశారు. మట్లరేవులో గడువులోగా పూర్తయిన సర్కారు కట్టడం అదే మొదటిదని మేస్త్రీ కూడా ఆశ్చర్యపోయాడు.

ప్రారంభోత్సవం నాడు కమిషనర్ రిబ్బను కత్తిరించాడు. కోదండపాణిగారు వచ్చాడు. ఎదురుగా టెంటు వేసి ఏడుగురు వ్యతిరేకులనూ కూర్చోబెట్టారు. చేతుల్లో అట్టముక్కలు, వాటి మీద 'వద్దు'.

వరహాలమ్మ పేరంటాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ముసలిది కుట్లు మానినా ఇంకా వంగే నడుస్తోంది. వరహాలమ్మ అందరి ముందూ చెంబెడు నీళ్లు ముంచి పిన్ని చేతికిచ్చింది. పేరంటాలు ఆకాశం వంక చూసింది. పొద్దు ఇంకా నడినెత్తికి కూడా రాలేదు.

"ఈయేలప్పుడా? తాగొచ్చునంటావా?"

"తాగు పిన్నీ."

ముసలిది ఆ చెంబు ఎత్తి, గొంతు గుటగుటలాడుతుంటే, దించకుండా తాగింది. సగం నీళ్లు గడ్డం మీంచి రవికె మీదికి కారిపోయాయి. తుడుచుకోలేదు. మార్కెట్లో కేకలు ఆగిపోయి అందరూ అటే చూస్తున్నారు. వరహాలమ్మకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత తట్టలవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి చెంబులు అందుకున్నారు.

తాగాక చిక్కొచ్చింది. లోపలికెళితే తట్టలు ఎవరు చూస్తారు? కాకులున్నాయి, పిల్లులున్నాయి. వరహాలమ్మ తన తట్ట తీసుకెళ్లి నూకరాజు ఒళ్లో పెట్టింది. అది చూసి మిగతా ఆడవాళ్లూ వ్యతిరేకుల ముందు తట్టలు దించారు. ఏడుగురు మగవాళ్లు ఓ చేత్తో 'వద్దు' అట్టముక్క పట్టుకుని, దాంతోనే కాకులను తోలుతూ, రెండో చేత్తో తట్టలు కాపలా కాశారు.

కోదండపాణిగారు పరవశించిపోయాడు. "ఆదర్శ ప్రతిఘటన!" అన్నాడు. ఆ ఊపులో వరహాలమ్మను పక్కకు పిలిచి, "తమ దరఖాస్తు పరిశీలనలోనే ఉన్నదమ్మా, త్వరలో..." అన్నాడు.

"ఉండనీండి బాబూ. కంగారేం లేదు" అంది వరహాలమ్మ.

"అయితే ఒక్క మాట. ఈ కట్టడం వ్యతిరేకత నిమిత్తం మంజూరైనది. వ్యతిరేకత ఏ రోజు ఆగితే ఆ రోజు దీని ప్రయోజనం నెరవేరినట్లు. పదిహేడో నిబంధన ప్రకారం కూల్చివేయవలసి వస్తుంది." పుస్తకం కళ్లకద్దుకుని, పంచె పైకి పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పటికీ మట్లరేవు వెళితే చూడవచ్చు. పొద్దున్న మార్కెట్ మొదలైనప్పటి నుంచి వ్యతిరేక సంఘం వంతులవారీగా ఆ ఆరు గదుల ముందు కూర్చుని అరుస్తూనే ఉంటుంది. నూకరాజు వంతు వచ్చిందంటే వరహాలమ్మ గొంతుకు మంచిదని మిరియాల కషాయం కాచి గ్లాసులో తెస్తుంది. కూరలో ఇప్పుడతనికి తలకాయ ముక్కే పడుతోంది.

మొన్న ఆవిడ అతని చేతికి గ్లాసిచ్చి, తట్ట ఒళ్లో పెట్టి, లోపలికెళ్లి గడియ వేసుకుంది. పక్కగదిలో పేరంటాలు ఉంది. నూకరాజుకు జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. కషాయం ఓ గుక్క తాగి, "వద్దూ... వద్దూ..." అన్నాడు నీరసంగా.

లోపలి నుంచి వరహాలమ్మ గొంతు ఖంగుమంది.

"ఇనపడతల్లేదు మావా! గట్టిగా కేకెయ్యి. పిన్ని ఇంకా లోపలే ఉంది!"